మాసికలు వేసే పని మనకు కొత్త కాదు



ఈసారి పోస్టు కొంచెం పెద్దది. నోటిఫికేషన్ గురించి కాదు, స్కాలర్‌షిప్ గురించీ కాదు. కంప్యూటర్ లోపల ఎవరికీ కనపడని ఒక పాత సామాను గురించి. మన అక్షరాల సంగతి కూడా ఇందులో ఉంది కాబట్టి చివరిదాకా చదవండి.

మేము శింగనమల పక్క తండాల నుంచి వచ్చి హాస్టల్లో ఉంటూ డిగ్రీ చదువుతున్నాం. గదిలో నలుగురికీ కలిపి ఒకటే పాత కంప్యూటర్. కొత్త విండోస్ దాని మీద నడవదు. అందుకే డెబియన్ 12 లినక్స్ వేసుకున్నాం. సేవాలాల్ జయంతికి పోస్టర్లు చేసేది దాంట్లో ఉన్న గింప్ 2.10 తోనే. ఆ గింప్ నిలబడింది జీటీకే 2 అనే లైబ్రరీ మీద.

లైబ్రరీ అంటే పుస్తకాలది కాదు. బటన్, మెనూ, కిటికీ, అక్షరాలు కొట్టే పెట్టె, ఇవన్నీ ప్రతి ప్రోగ్రామూ సొంతంగా గీసుకోదు. ఒక చోట రాసి పెట్టిన కోడ్‌ను అన్నీ వాడుకుంటాయి. చెరువు ఒకటే, దాని కింద మళ్లు చాలా ఉన్నట్ల.

దీని పుట్టుక తెలిస్తే ధైర్యం వస్తుంది. 1995లో అమెరికాలో బర్క్‌లీ యూనివర్సిటీ విద్యార్థులు ఇద్దరు, స్పెన్సర్ కింబల్, పీటర్ మాటిస్, గింప్ మొదలుపెట్టారు. మొదట మోటిఫ్ అనే లైబ్రరీ వాడారు. అది కొనుక్కోవాల్సిన సరుకు, పైగా వాళ్లకు నచ్చలేదు. దాంతో మాటిస్ సొంతంగా రాయడం మొదలుపెట్టాడు. అదే జీటీకే. అప్పటికి వాళ్లూ మనలాగా స్టూడెంట్లే.

2002లో జీటీకే 2 వచ్చింది. అంతకు ముందున్న 1.2లో మన గుణింతాలు, వత్తులు సరిగ్గా కూర్చునేవి కావు. 2లో అక్షరాలు పేర్చే పని పాంగో అనే వేరే లైబ్రరీకి అప్పజెప్పారు. తర్వాత 2011లో జీటీకే 3, 2020 డిసెంబర్‌లో జీటీకే 4 వచ్చాయి. అదే నెలలో 2.24.33 విడుదల చేసి, జీటీకే 2 పని ఇంతటితో అయిపోయిందన్నారు.

మరి 2020లో ఆపేసింది మా గదిలో ఎట్ల నడుస్తోంది? మాసికల మీద నడుస్తోంది.

పాత కోడ్‌ను ఎవరూ ముట్టుకోకపోయినా చుట్టూ ఉన్నవి మారతాయి. ఉదాహరణకు 2024లో వచ్చిన జీసీసీ 14 కంపైలర్. అంతకు ముందు సీ భాషలో కొన్ని తప్పులకు హెచ్చరిక ఇచ్చి వదిలేసేది. 14 నుంచి అవే తప్పులకు అక్కడే ఆపేస్తుంది. నిన్నటిదాకా నడిచిన పాత ప్యాకేజీలు చాలా ఆగిపోయాయి. అప్పుడు ఎవరో ఒకరు కూర్చొని, ఎక్కడ ఆగిందో చూసి, ఒక్కోసారి ఒకే ఒక్క లైను చేరుస్తారు. ఆ మార్పును ప్యాచ్ అంటారు.

డెబియన్‌లో పద్ధతి ఏంటంటే, అసలు కోడ్‌ను అట్లే ఉంచుతారు. మార్పులన్నీ ప్యాచెస్ అనే ఫోల్డర్‌లో విడివిడిగా పెడతారు. ఏది ముందు, ఏది తర్వాత అని ఇంకో ఫైల్‌లో వరుస రాస్తారు. ప్రతి మాసిక పైన అది ఎందుకు వేశారో, ఎవరు వేశారో రాసి పెట్టడం మంచి అలవాటు. ఇవన్నీ చూసుకునే పనిముట్టు పేరు క్విల్ట్. క్విల్ట్ అంటే బొంత! పాత చీరల ముక్కలు చేర్చి బొంత కుట్టే అవ్వల చేతుల్లో పెరిగినోళ్లం మనం. ఈ పని మనది కాదని ఎట్ల అనుకుంటాం?

ఇంకో సంగతి. ఆదిలాబాద్ జిల్లా గుంజాలలో దొరికిన రాతప్రతుల వల్ల బయటి లోకానికి తెలిసిన గోండి లిపి 2018లో యూనికోడ్ 11లో చేరింది. జీటీకే 2 పుట్టిన పదహారేళ్ల తర్వాత! అయినా ఆ పాత లైబ్రరీ మీద నడిచే ప్రోగ్రామ్‌లో ఆ లిపి కనపడుతుంది. కారణం, అక్షరాలు పేర్చేది జీటీకే కాదు, దాని కింద ఉన్న పాంగో, హార్ఫ్‌బజ్. ఆ రెండిటికీ ఇప్పటికీ కొత్త వెర్షన్లు వస్తున్నాయి. వాటి కొత్త వెర్షన్, ఆ లిపి ఫాంటు ఉంటే చాలు. పైన పాత బొంత, కింద కొత్త పట్టా అన్నమాట.

కింది పొరలో తేడా వస్తే ఏమవుతుందో 2018 ఫిబ్రవరిలో చూశాం. తెలుగు 'జ్ఞా' మెసేజ్‌లో వస్తే ఐఫోన్లలో యాప్‌లు పడిపోయేవి. ఆపిల్ ఫిబ్రవరి 19న సరిచేసింది. ఆ అక్షరం మనది, కానీ మనలో ఎంత తెలిసినోడికైనా ఆ కోడ్ తెరిచి చూసే దారి లేదు. జీటీకే, పాంగో అట్ల కాదు. మూత ఎవరైనా తీయొచ్చు.

పాతదాన్ని ఎల్లకాలం మోయాలని మేము అనడం లేదు. ప్రోగ్రామ్‌లు కొత్త జీటీకేకి మారాల్సిందే. కానీ మారడానికి టైం పడుతుంది. జీటీకే 3 మీద నడిచే గింప్ 3.0 వచ్చింది 2025 మార్చిలో. అంతవరకూ గింప్ వాడే అందరినీ మోసింది ఈ పాత లైబ్రరీయే. ఏ పాత ప్యాకేజీని ఉంచాలి, దేన్ని తీసేయాలి అనేది చాలావరకు దాన్ని చూసుకునే మనుషులు ఉన్నారా లేదా అన్నదాన్ని బట్టే తేలుతుంది. పాత మిషన్లు ఎక్కువ ఉన్నది మన హాస్టళ్లలో, మన ఊళ్లలో. చూసుకునే వాళ్లలో మనం లేకపోతే మన అవసరం అక్కడ ఎవరు చెప్తారు? గోర్ బోలీని ఇక్కడ మనం తెలుగు అక్షరాల్లోనే రాసుకుంటున్నాం. రేపు అందులో ఒక వత్తు తప్పుగా కనపడితే ముందు తెలిసేది మనకే.

మొదలుపెట్టడానికి పెద్ద కోడింగ్ అక్కర్లేదు. డెబియన్ ఉన్నవాళ్లు జీటీకే 2 సోర్స్ దించుకొని ప్యాచెస్ ఫోల్డర్ తెరవండి. ఒక్క ప్యాచ్ చదవండి. ముందు మైనస్ గుర్తు ఉన్న లైను తీసేసింది, ప్లస్ ఉన్నది చేర్చింది. అంతే భాష. ఎక్కడైనా మన అక్షరం చెదిరితే ఏ అక్షరం, ఏ ఫాంటు, ఏ వెర్షన్ అని మూడూ రాసి, ఫొటో తీసి పెట్టుకోండి. బగ్ చెప్పడానికి కావాల్సింది ముఖ్యంగా అదే.

మేము ప్రతి ఆదివారం ఒక ప్యాచ్ చదువుతున్నాం. ఇప్పటికి ఆరు అయ్యాయి. ఏడోది మీలో ఎవరైనా చదివి, అర్థమైంది అర్థమైనట్టు తెలుగులో రాయండి. గోర్ బోలీలో రాసినా, కోయలో రాసినా ఇంకా సంతోషం.