అరవై నాలుగు మంది, ఒక కౌంటీ

టెక్సాస్‌లో లవింగ్ కౌంటీ అని ఒకటుంది. 2020 లెక్కల ప్రకారం జనాభా 64. వేలల్లో కాదు, అక్షరాలా అరవై నాలుగు మంది! అమెరికాలోని కౌంటీలన్నిటిలోకీ ఇదే తక్కువ. విస్తీర్ణం మాత్రం సుమారు 1,750 చదరపు కిలోమీటర్లు. అంటే మనిషికి ఇరవై ఏడు చదరపు కిలోమీటర్ల నేల. పైన న్యూ మెక్సికో, పడమట పేకస్ నది, మధ్యలో ఎండా, ముళ్లపొదలూ.

ఇంతమందికీ మెంటోన్ అనే ఊళ్లో ఒక కోర్టు, ఒక షెరీఫ్! 1893లో కౌంటీ పాలన పెట్టి, 1897లో ఎత్తేసి, చమురు పడ్డాక 1931లో మళ్లీ పెట్టారు. టెక్సాస్‌లో ఓట్లతో గెలిచిన మొదటి మహిళా షెరీఫ్ కూడా ఇక్కడి మనిషే, 1945లో.

నాకు విచిత్రంగా అనిపించేది వేరే. ఇది పేద కౌంటీ కాదు. కింద పెర్మియన్ బేసిన్ చమురు, పైన రోడ్డంతా ట్యాంకర్లు. పనివాళ్లు బోలెడుమంది వస్తారు, క్యాంపుల్లో పడుకుంటారు, షిఫ్టులయ్యాక వెళ్లిపోతారు. ఎక్కువ కాలం ఉండే ఇల్లు ఇంకెక్కడో ఉంటుంది కాబట్టి జనాభా లెక్కల్లో వాళ్లు ఆ ఇల్లున్న చోటివాళ్లే.