దవడ కీలు మళ్లీ బిగుసుకోకుండా

దవడ కీలు చెవికి సరిగ్గా ముందు, పుర్రెకూ కింది దవడ కొసకూ మధ్య ఉంటుంది. చిన్నతనంలో గడ్డం నేలకు కొట్టుకునేలా పడితే ఆ కొస చితికి కీలులోకి నెత్తురు చేరవచ్చు. గడ్డం మీది గాయానికి కుట్లు పడతాయి గానీ లోపలి దెబ్బ చాలాసార్లు ఎవరి కంటా పడదు. కొందరిలో ఆ నెత్తురు గడ్డకట్టి పీచుగా మారుతుంది, ఆ పీచు క్రమంగా ఎముకై దవడను పుర్రెకు అతికించేస్తుంది. చెవిలో చీము కీలుకు పాకినా ఇదే జరగవచ్చు. వైద్యులు దీన్ని ఆంకైలోసిస్ అంటారు.

ఆస్పత్రికి వచ్చేసరికి చాలామంది పిల్లల నోట్లో చిటికెన వేలు కూడా పట్టదు. చారులో మెత్తగా పిసికిన అన్నాన్ని పళ్ల సందులోంచి వేలితో కొంచెం కొంచెంగా నెట్టుకుంటారు. బ్రష్ లోపలికి పోదు కనుక పళ్లు పుచ్చిపోతాయి. దవడ ఎదగక గడ్డం వెనక్కి పోతుంది. రాత్రి గురక, నిద్రలో ఊపిరి ఆగి ఆగి ఆడడం కూడా ఉంటాయి. మత్తు ఇవ్వడమే కష్టం: నోట్లోంచి గొట్టం వేసే వీల్లేక, ఫైబర్ ఆప్టిక్ స్కోప్ సాయంతో ముక్కులోంచి వేస్తారు.

అతుక్కున్న ఎముకను కోసి తీసేస్తే నోరు ఆపరేషన్ బల్ల మీదే తెరుచుకుంటుంది. అసలు చిక్కు ఆ తర్వాతే. ఎముక తీసిన చోట 1 నుంచి 1.5 సెంటీమీటర్ల ఖాళీ మిగులుతుంది. దాన్ని అలాగే వదిలితే మళ్లీ నెత్తురు నిండుతుంది. పిల్లల్లో ఎముక త్వరగా పుడుతుంది, నొప్పికి భయపడి వాళ్లు నోరు కదపరు. అలా కీలు మళ్లీ బిగుసుకుంటుంది. రెండోసారి కోయడం మరీ కష్టం, పాత మచ్చల మధ్య ముఖనాడిని కాపాడుకోవాలి.

ఆ ఖాళీలో రోగి శరీరంలోంచే తీసిన కణజాలాన్ని అడ్డుగా పెట్టడం ఇందుకే. కణత కండరాన్నీ దాని పైపొరనూ మొదలు తెంపకుండా కిందికి మడిచి కీలులోకి దించడం పాత పద్ధతి. రక్తప్రసరణ తెగదు కనుక అది బతుకుతుంది, కాకపోతే కణత గుంటపడవచ్చు. పొట్ట కొవ్వు ఇంకో దారి. విడి కొవ్వు వేళ్ల మధ్య చిదిరిపోతుంది. చర్మం పైపొర ఒలిచి లోపొరతో కలిపి తీసిన కొవ్వు మాత్రం ఒకే ముక్కగా నిలిచి, కుట్టుకు ఆగుతుంది. కొంతకాలానికి కుంచించుకుపోతుంది గనుక ఖాళీని వదులుగా వదలకుండా నిండా పెట్టాలి. కొవ్వు నెత్తురుకు చోటివ్వదు, ఎముక కొసలను కలవనివ్వదు. 1980లలో ఇలాంటి అడ్డుగా వాడిన ప్రోప్లాస్ట్-టెఫ్లాన్ ముక్కలు రాపిడికి రాలి, చుట్టూ ఎముకను తినేయడంతో వాడకం ఆగిపోయింది. ఆ అనుభవం చూశాక సొంత కణజాలమే మేలనిపిస్తుంది.

అయితే ఎముకను తక్కువగా కోస్తే ఆ లోటును అడ్డుగా పెట్టే ఏ గ్రాఫ్టూ సరిదిద్దలేదు. 1990లో అమెరికా సర్జన్ లియొనార్డ్ కాబన్ బృందం చెప్పిన క్రమం ఇదే. అతుకును పూర్తిగా తీయాలి, అదే వైపు కింది దవడ మీది కొరొనాయిడ్ అనే కొమ్మునూ తీయాలి. అప్పటికీ నోరు 35 మిల్లీమీటర్లు తెరుచుకోకపోతే రెండో వైపు కొమ్మును కూడా తీయాలి. అడ్డు పెట్టడం ఆ తర్వాతి పని. దవడ ఎత్తు తగ్గిన పిల్లలకు పక్కటెముకను మృదులాస్థితో సహా అమర్చే పద్ధతి ఉంది, కానీ అది ఎంత ఎదుగుతుందో ముందే చెప్పలేం.

మిగతా సగం వైద్యం ఇంట్లో జరగాలి. ఆపరేషన్ అయిన కొద్ది రోజులకే వ్యాయామం మొదలవుతుంది. పళ్ల మధ్య ఐస్‌క్రీం పుల్లలు దొంతిగా పెట్టి, రోజులు గడిచేకొద్దీ ఒక్కొక్కటి పెంచుతారు. బిడ్డ ఏడుస్తోందని తల్లిదండ్రులు మానేస్తే ఎంత మంచి గ్రాఫ్టయినా ఓడిపోతుంది. వైద్యులు ఆపమనేదాకా, నెలల తరబడి అయినా సరే, ఆ వ్యాయామాన్ని ఒక్కరోజు కూడా మానవద్దు. నోరు ముందటికన్నా కాస్త తక్కువ తెరుచుకుంటున్నట్టు అనిపిస్తే, తర్వాతి తేదీ దాకా ఆగకుండా వెంటనే సర్జన్‌కు చూపించండి.