లాలాగూడ వంటింట్లో ముప్పై సెకన్ల వీడియో

మెట్టుగూడ మెట్రో స్టేషన్‌లో దిగి లోపలికి నడిస్తే లాలాగూడ వస్తుంది. ఇక్కడ ఏ సందులోకి తిరిగినా రైల్వే ఎదురవుతుంది. నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే 1893లో పెట్టిన క్యారేజ్ వర్క్‌షాప్ చుట్టూనే ఈ పేట పెరిగింది. ఎలక్ట్రిక్ లోకో షెడ్డు, రైల్వే ఆసుపత్రి, క్వార్టర్ల వరసలు ఆ తర్వాత వచ్చి చేరాయి. ఉద్యోగాల కోసం వచ్చిన తమిళులు, మరాఠీలు, ఆంగ్లో ఇండియన్లు, జిల్లాల నుంచి వచ్చిన తెలుగువాళ్లు పక్కపక్క ఇళ్లలో బతికారు. పండగ పూట ఒక ఇంటి గిన్నె ఇంకో ఇంటికి వెళ్లడం ఇక్కడ పాత అలవాటు. ఇంట్లో వండి అమ్మే వ్యాపారాలు చాలా వరకు ఆ గిన్నె నుంచే మొదలయ్యాయి.

అలాంటి ఒక ఇంటికి వెళ్లాం. కరీంనగర్ వైపు నుంచి కోడలిగా వచ్చిన గృహిణి, డిగ్రీ చదువుతున్న ఆమె కూతురు కలిసి సకినాలు, గరిజెలు, మురుకులు చేసి అమ్ముతున్నారు. ఎండాకాలం వస్తే ఆవకాయ. చాన్నాళ్లు అమ్మకమంతా నోటిమాట మీదే సాగింది. వాళ్లింటి సంగతి ఇరుగుపొరుగుకు తెలుసు గానీ మౌలాలీలో, తార్నాకలో ఉన్నవాళ్లకు తెలియదు. ఆ దూరం దాటడానికే కూతురు ఫోన్ పట్టుకుంది.

మొదట్లో తల్లిని కుర్చీలో కూర్చోబెట్టి, కాగితం మీద రాసిచ్చింది చదివించేదట. చూసినవాళ్లు బాగుందన్నారు గానీ ఆర్డర్ మాత్రం ఎవరూ పెట్టలేదు. దారి మార్చింది తల్లే. "నా మొహం ఎందుకే బిడ్డా, సకినం చుట్టేది నా చెయ్యి గదా, గదే తియ్యి" అందట. మేం వెళ్లిన రోజు తీస్తున్నదీ ఆ చేతినే.

రాత్రంతా నానిన బియ్యాన్ని వడగట్టి, తడి ఆరకముందే పట్టించిన పిండి అది. నువ్వులు, వాము, ఉప్పు వేసి కలిపారు. నేల మీద పరిచిన నూలు బట్ట మీద, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పిండిని మెలితిప్పుతూ ఆమె చుట్టు మీద చుట్టు వేస్తోంది. ప్రతి చుట్టూ లోపలి చుట్టుకు ఆనుకుని వస్తుంది. అదనపు తడిని బట్ట పీల్చుకున్నాక గానీ సకినం మూకుట్లో పడదు. ఫోన్‌ను బియ్యం డబ్బాకు ఆనించి, నిలువుగా, సరిగ్గా ఆ వేళ్ల ఎత్తులో పెట్టారు. స్టాండ్ కొనలేదు.

కొనాల్సినవాటి జాబితాతో ఈ పని మొదలుపెట్టేవాళ్లు ఇక్కడ చూడాల్సింది చాలా ఉంది. ముందు కూతురు కొంగుతో ఫోన్ కెమెరా అద్దం తుడిచింది. వంటింట్లో వాడే ఫోన్ మీద నూనె జిడ్డు ఉంటుంది, వీడియో మసకగా రావడానికి సగం కారణం అదే. తర్వాత ట్యూబ్‌లైట్ ఆర్పేసింది. కరెంటుతో పాటు ఆ వెలుగు క్షణక్షణం హెచ్చుతగ్గులవుతుంది. మన కంటికి తెలియదు గానీ కెమెరాలో చారలుగా కనిపిస్తుంది. తూర్పు కిటికీలోంచి వచ్చే పొద్దుటి వెలుగు చాలు. వెలుగు పక్క నుంచి పడితే సకినం మెలికలు ఒక్కొక్కటీ తేలి కనిపిస్తాయి.

మిగిలింది చప్పుడు. లాలాగూడలో అదే పెద్ద సమస్య. మాట మొదలుపెట్టగానే గూడ్స్ బండి వస్తుంది. అందుకని మాటను విడిగా, రాత్రి పూట రికార్డు చేస్తారు. కూతురు బీరువా తలుపులు బార్లా తీసి, చీరల ఎదురుగా కూర్చుని చదువుతుంది. బట్టలు ప్రతిధ్వనిని మింగేస్తాయి. నూనెలో సకినం వేగే చప్పుడును మాత్రం చెరపరు. ఆ చప్పుడు వింటే నోరూరుతుందని తల్లి నమ్మకం, నాకూ నిజమే అనిపించింది.

మొత్తం వీడియో ముప్పై సెకన్లు. నమస్కారం, పరిచయం లాంటివేవీ లేకుండా నేరుగా చుట్టు తిరిగే చేయితో మొదలవుతుంది. చాలామంది చప్పుడు ఆపేసి చూస్తారు కాబట్టి తెర మీద పెద్ద తెలుగు అక్షరాల్లో మూడు సంగతులు పడతాయి: కిలో ధర, ఏ పేటల దాకా ఇస్తారు, ఎన్ని రోజుల ముందు చెప్పాలి. ధర దాచి "ఇన్‌బాక్స్ చేయండి" అనే పద్ధతి వీళ్లకు నచ్చలేదు. అడగడానికి మొహమాటపడేవాళ్లు అడగకుండానే వెళ్లిపోతారని కూతురి లెక్క. నా ఓటు ఆమెకే.

ఇలాంటి పొట్టి వీడియోలకు మన దేశంలో కొత్త దారులు తెరుచుకున్న ఏడాది 2020. ఆ జూన్ 29న కేంద్రం టిక్‌టాక్‌ను నిషేధించింది. జూలైలో ఇన్‌స్టాగ్రామ్ రీల్స్ వచ్చింది, సెప్టెంబరులో యూట్యూబ్ షార్ట్స్ ప్రయోగం ఇక్కడే మొదలైంది. తెలుగువాళ్లు అంతకు ముందే వీడియో విద్యలో ఆరితేరారు. జగిత్యాల జిల్లా లంబాడిపల్లిలో శ్రీరామ్ శ్రీకాంత్ 2012లో మొదలుపెట్టిన యూట్యూబ్ ఛానల్ మై విలేజ్ షో, ఆ ఊరి గంగవ్వను ఇంటింటికీ తెలిసిన మనిషిని చేసింది. గుంటూరు జిల్లా గుడివాడలో నూరేళ్లు దాటిన మస్తానమ్మ కట్టెల పొయ్యి మీద వండుతుంటే ప్రపంచమంతా చూసింది. 2018 డిసెంబరులో ఆమె కన్నుమూసినప్పుడు విదేశీ పత్రికలూ రాశాయి. మస్తానమ్మ వీడియోల్లోనూ మాటలు తక్కువ, చేతులు ఎక్కువ.

అయితే అలాంటి ఛానళ్ల ఆదాయం చూసేవాళ్ల సంఖ్యను బట్టి వస్తుంది. ఇంటి వ్యాపారానిది వేరే లెక్క. అమెరికాలో లక్షమంది చూసినా లాలాగూడలో ఒక్క కిలో అమ్ముడుపోదు. మెట్టుగూడలో, తార్నాకలో, సీతాఫల్‌మండిలో కొద్దిమంది చూస్తే పొయ్యి వెలుగుతుంది. అందుకే ప్రతి వీడియోకూ ఊరి పేరు తగిలిస్తారు, అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో అనుమతి అడిగి పెడతారు. చిరువ్యాపారుల కోసం 2018 జనవరిలో వచ్చిన వాట్సాప్ బిజినెస్‌లో ధరల పట్టీ ఉంచారు. ఇంటి నంబరు మాత్రం ఎక్కడా కనిపించనివ్వరు. ఆర్డర్ ఖాయమయ్యాకే చిరునామా చెబుతారు, దూరపువాళ్లకు మెట్రో స్టేషన్ కింద అందిస్తారు.

ఉన్నట్టుండి పేరొస్తే ఏమవుతుందో 2024 జనవరిలో హైదరాబాద్ కళ్లారా చూసింది. మాదాపూర్‌లో రోడ్డు పక్కన భోజనం అమ్మే కుమారి ఆంటీ వీడియోలు పాకిపోయి, జనం ఎగబడి, ట్రాఫిక్ నిలిచిపోయింది. పోలీసులు బండి తీసేయమంటే ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి జోక్యం చేసుకోవాల్సి వచ్చింది. ఆమె వండిన అన్నం అంతకు ముందూ అదే. జనం పెరిగినంత వేగంగా చోటు పెరగలేదు, అంతే. లాలాగూడ తల్లీకూతుళ్లకు ఈ సంగతి బాగా తెలుసు. రెండు చేతులతో రోజుకు ఎన్ని సకినాలు చుట్టగలరో అన్నింటికే ఆర్డర్ తీసుకుంటారు.

జాగ్రత్తలు ఇంకొన్ని ఉన్నాయి. ఇంట్లో వండి అమ్మినా ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ తప్పదు. ఆ 14 అంకెల సంఖ్య పొట్లం మీద ఉండాలి, వీడియోలో ఒకసారి చూపిస్తే కొత్తవాళ్లకు భరోసా కూడా. నువ్వులు మోకాళ్ల నొప్పులు తగ్గిస్తాయని, ఫలానాది షుగర్‌కు మందని చెప్పడం ప్రకటనల మీద 2018లో వచ్చిన ఆహార భద్రతా నియమాలకు విరుద్ధం. ఇన్‌స్టాగ్రామ్‌లో బిజినెస్ ఖాతాలకు సినిమా పాటలన్నీ అందుబాటులో ఉండవు. ఎక్కడి నుంచో పాట తెచ్చి అతికిస్తే హక్కుదారులు వీడియో తీయించేయవచ్చు. వీళ్లకు నూనె చప్పుడు ఉండనే ఉంది.

మేం కూర్చుని ఉండగానే పక్కింటావిడ వచ్చి, "అక్కా, మా చెల్లెకు బెంగళూరు పంపుతవా?" అని అడిగింది. తల్లి వెంటనే మాటివ్వలేదు. సకినం పెళుసు, కొరియర్‌లో ముక్కలైతే చెడ్డపేరు. స్టీలు డబ్బాలో కాగితం పొరలు వేసి, మొదట తెలిసినవాళ్లకే పంపి చూద్దామంది. ఆ డబ్బా సర్దడాన్నే వచ్చే వీడియోగా తీస్తానని కూతురు అంది. పొరలు ఎలా వేస్తారో, డబ్బా తెరిస్తే ఎన్ని విరిగి కనిపించాయో రెండూ చూపిస్తుందట. సంక్రాంతి ఆర్డర్లకు చివరి తేదీ ఏదో అందులోనే చెప్పాలని తల్లి గట్టిగా గుర్తుచేసింది. పండగ ముందు రోజు ఫోన్ చేసి కిలో కావాలనేవాళ్లకు లేదని చెప్పడం ఆమెకు ఇప్పటికీ కష్టమే.