పడవ పాట

అమ్మకు ఎనభై ఆరు. అల్జైమర్స్ అని డాక్టరు చెప్పి నాలుగేళ్ళయింది. కోటలో మా వీధివాళ్ళకు ఆ పేరుతో పనిలేదు, "పెద్దామెకి మతి నిలవడంలా" అంటారు. పొద్దు వాలితే చాలు, "ఇంటికి పోవాల, నాయన చూస్తా ఉంటాడు" అని వాకిలి గడియ తీస్తుంది. ఆమె కాపురానికొచ్చిన ఇల్లే ఇది.

పాటలు వింటే ఇలాంటివాళ్ళు కాస్త కుదుటపడతారని చదివి చిన్న స్పీకరు కొన్నాను. పెద్దవాళ్ళకు భక్తి అయితే మంచిదనుకుని మొదటిరోజు ఘంటసాల భగవద్గీత పెట్టాను. రెండు శ్లోకాలు కాకముందే అమ్మ లేచి కూర్చుంది. "ఎవురు పోయినార్రా?" అని ఒకటే ఏడుపు. నాకు తట్టనేలేదు. మా వైపు ఆ గీత వినపడేది చావింట్లోనూ, శవాన్ని తీసుకెళ్ళే బండి మీదా కదా! ఘంటసాల ఏ ఉద్దేశంతో పాడాడో గానీ, ఊళ్ళు దాన్ని చావుకు కట్టేశాయి.

తర్వాత తెలిసింది, పది నుంచి ముప్పై ఏళ్ళ మధ్య విన్న పాటలే మనిషిలో గట్టిగా నిలుస్తాయట. పాత పాటల్ని గుర్తుపట్టే మెదడు భాగాలు ఈ జబ్బులో మిగతావాటికన్నా ఆలస్యంగా దెబ్బతింటాయని 2015లో లైప్‌జిగ్ పరిశోధకులు రాశారు. అమ్మకు పద్దెనిమిదేళ్ళప్పుడు ఏం విన్నదో నాకేం తెలుసు? పిన్నికి ఫోన్ చేశాను. "1957లో మాయాబజార్ చూసి గూడూరు నించి బండిలో వస్తా, దారంతా ఆ పడవ పాటే పాడింది మీ అమ్మ. మా నాయన కసిరినా ఆపలా" అంది. అమ్మ పాడుతుందన్న సంగతే నాకు తెలీదు.

మరునాడు టీవీ ఆపి, సన్నగా ఆ పాట పెట్టాను. అదే ఘంటసాల, పక్కన లీల. అమ్మ వేళ్ళు ముందు మంచంపట్టె మీద కదిలాయి. రెండో చరణానికి లీలతో కలిసింది. గంట కిందట అన్నం తిన్నానో లేదో తెలియని మనిషి, ఒక్క మాట తప్పలేదు.

దీన్ని చికిత్స అనను. నేర్చినవాళ్ళు చేసే పని వేరు. వాళ్ళు ఎదురుగా కూర్చుని, రోగి ఊపిరిని, చూపును బట్టి పాట మారుస్తారు. అలాంటివాళ్ళు మా ఊళ్ళో ఎక్కడ? 2018లో కోక్రేన్ సమీక్ష కూడా ఇలాంటి ప్రయోగాలన్నీ కలిపి చూసి, దిగులూ ప్రవర్తనలో ఇబ్బందులూ కొంత తగ్గవచ్చంది గానీ జ్ఞాపకశక్తి విషయంలో పెద్దగా ఆశ పెట్టలేదు. మా ఇంట్లో ఒరిగింది ఒక్కటే: స్నానం. అంతకుముందు నా భార్య చేతులు గీరేది, చెంబు విసిరేది. ఇప్పుడు పాట వస్తుంటే తలమీద నీళ్ళు పోయనిస్తుంది. పాట అయిపోయేలోగా ముగించాలి, అంతే.

నేనెవరో మాత్రం గుర్తురాలేదు. నిన్న పాట అయ్యాక నా మొహంలోకి చాలాసేపు చూసింది. ఏదో అంటుందని కాచుకున్నాను.

"ఇంకోసారి ఎయ్యి నాయనా" అంది.

మా వైపు కొడుకునీ నాయనా అంటారు, దారినపోయేవాణ్ణీ నాయనా అంటారు. వేశాను.