ఏలగిరి కొండకు కారులో

మా మొరసునాటి జనానికి బండి అంటే రెండే లెక్కలు: ఎంతమంది పడతారు, ఎంత బరువు మోస్తుంది. ఎద్దులబండి నాటినుంచీ ఇదే లెక్క. కార్లు వచ్చిన తర్వాతా అదే సాగుతున్నది. అందుచేత, మహా అయితే ఐదుగురు పట్టే కారుకు అరవై లక్షల పైచిలుకు పెట్టదలచినట్టు మా బావగారు చెప్పిననాడు ఇంట్లో ఎవరికీ నోట మాట రాలేదు.

రాకపోవడానికి కారణం ఉన్నది. హోసూరు చుట్టుప్రక్కల నేల ధరలు ఎట్లా పెరిగాయో ఈ పత్రిక చదివేవారికి వేరే చెప్పనక్కరలేదు. బాగలూరు దోవలో తాతలనాటి రెండెకరాలు అమ్మగా, పిల్లల భాగాలు పోను, బావగారి వంతుకు కొంత సొమ్ము మిగిలింది. ఇకమీద అమ్మడానికి నేల లేదు. అటు చూస్తే ఊళ్ళోని పాత మిద్దె నాలుగేళ్ళుగా వానకు ఉరుస్తున్నది. బావగారి తల్లి, ఇంటిల్లిపాదికీ ఆమె అవ్వే, ఒక్క మాట అడిగింది: "నేలను అమ్మి ఇనుమును కొంటావా అప్పా?"

బావగారు పిల్లచేష్టలు చేసే మనిషి కారు. 34 ఏళ్ళు ఒక కార్ఖానాలో గేర్లు కోసే మిషను దగ్గర పనిచేశారు. వెంట్రుక మందంలో పదోవంతు తేడా వచ్చినా గేరు కూస్తుందనీ, దాన్ని చెవితోనే పట్టవచ్చుననీ అంటారు. అన్నేళ్ళు ఎవరెవరి లారీలకో గేర్లు కోసిపెట్టిన మనిషి, బాగా చేసిన యంత్రాన్ని ఒకదాన్ని తన వాకిట నిలుపుకోవాలనుకుంటే తప్పుపట్టడం మాకు చేతకాలేదు. అవ్వ కూడా వద్దనలేదు. "ఎక్కి చూసి చెప్తా" అన్నది.

ఆయన మనసుపడిన కారు బి.ఎం.డబ్ల్యు. వారి మూడో శ్రేణిలోది, 330 ఎల్‌.ఐ. అనేది. బెంగళూరులో ఉన్న స్నేహితుడొకరు తన కారును రెండు రోజులకు ఇస్తానన్నారు. తిన్నని రోడ్డుమీద ఏ కారైనా బాగానే పోతుంది, దాని గుణం కొండమీద తెలుస్తుంది అని బావగారి వాదం. పొద్దున పోయి సాయంత్రానికి తిరిగి రాదగిన కొండ మాకు ఏలగిరి. అట్లా ఈ ప్రయాణం కుదిరింది.

ఉదయం ఆరు గంటలకు బయలుదేరాము. ముందు బావగారూ, అక్కయ్యా. వెనుక అవ్వతో మేమిద్దరము. ఈ కారులో ఇంజను ముందున్నా, నడిపించేది వెనుక చక్రాలను. ఇంజను బలాన్ని వెనక్కు తీసుకుపోయే ఇరుసు కారు నడుమ నుంచి పోతుంది కాబట్టి, వెనుక సీటు మధ్యలో కూర్చున్నవారి కాళ్ళ క్రింద గట్టులా ఎత్తుగా ఉంటుంది. ఐదుగురు పట్టే కారని చెప్పినా, హాయిగా కూర్చునేది నలుగురే. మా ఇద్దరిలో నడుమ ఎవరు కూర్చోవాలనే తగవు శూలగిరి వరకు సాగింది.

హోసూరు ఎత్తున ఉన్న ఊరు, కృష్ణగిరి పల్లం. ఆ దిగుడంతా పెద్ద రోడ్డుమీద తెలియకుండానే గడిచిపోయింది. చలిగాలి పోయి వెచ్చన తగలడమూ, రాతిగుట్టల మధ్య మామిడితోపులు కనబడడమూ మాత్రం తెలిశాయి. కారు లోపల చప్పుడు లేదు. అవ్వ తన సంచి విప్పి, తమలపాకుకు సున్నం రాసి, వక్క పెట్టి మడిచి, నోట్లో వేసుకున్నది. చెయ్యి ఎక్కడా తొణకలేదు. "ఇంట్లో కూసున్నట్టే ఉండాది" అన్నది. బావగారు అద్దంలోంచి చూసి ఏమీ అనలేదుగాని, చెవులు ఎర్రబడ్డాయి.

నిలిచినచోటినుంచి గంటకు 100 కిలోమీటర్ల వేగం అందుకోవడానికి ఈ కారుకు 6.2 సెకండ్లు చాలునని కంపెనీ లెక్క. ఇంజను రెండు లీటర్లది, బలం 258 గుర్రాలు. మన పాత అంబాసిడరు బలం యాభై గుర్రాలకు అటూ ఇటూ ఉండేది. దాంట్లోనే పెళ్ళివారు ఎనిమిదిమంది తిరుపతికి పోయి వచ్చేవారు. అయితే మన రహదారిమీద 100 దాటితే చట్టం ఒప్పదు. అంటే, అంత డబ్బు పెట్టి కొన్న సరదా ఆరు సెకండ్లలో తీరిపోతుందన్నమాట. ఈ మాట మేము పైకే అన్నాము. "వేగం కోసమే అయితే రైలెక్కవచ్చును. ఇది వేరే" అన్నారు బావగారు.

ఆ వేరే ఏమిటో కృష్ణగిరిలో కాఫీ తాగుతూ చెప్పుకొచ్చారు. మ్యూనిచ్ నగరపు ఈ కంపెనీ 1959 డిసెంబరులో మునిగిపోయే స్థితికి వచ్చి, డైమ్లర్ బెంజ్ వారి చేతుల్లోకి పోబోయింది. వాటాదారుల సభలో చిన్నవాళ్ళు ఎదురుతిరిగారు. హెర్బర్ట్ క్వాంట్ అనే ధనికుడు తన డబ్బు పెట్టి నిలబెట్టాడు. అప్పటికి ఆ కంపెనీ చేతిలో ఉన్నవి ధనవంతులకు పెద్ద కార్లు, పేదలకు బుడ్డ కార్లు. నడుమ ఏమీ లేదు. 1961లో ఫ్రాంక్‌ఫర్టు ప్రదర్శనలో 1500 అనే నాలుగు తలుపుల కారును చూపించారు. సంసారి పిల్లాపాపలతో పోవడానికి చోటుండాలి, తానే నడుపుకుంటే హుషారుండాలి: అదీ దాని సంకల్పం. 1975లో వచ్చిన మూడో శ్రేణి ఆ సంకల్పానికి వారసురాలు. 2007 నుంచి మన చెన్నపట్నం దగ్గరే, చెంగల్పట్టు వైపు, ఈ కంపెనీ కార్లను కూర్చుతున్నారు.

ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. జర్మనీలో ఈ కారు కొన్నవాడు ముందు కూర్చుని తానే నడుపుతాడు. చైనాలోనూ మన దేశంలోనూ కొన్నవాడు చాలాసార్లు వెనుక కూర్చుంటాడు, లేదా పెద్దవాళ్ళను కూర్చోబెడతాడు. అందుకని ముందు చక్రాలకూ వెనుక చక్రాలకూ మధ్య దూరాన్ని 110 మిల్లీమీటర్లు పెంచి పొడుగు రకం చేశారు. మన దేశానికి అది 2021లో వచ్చింది. మేము ఎక్కినది అదే. నాలుగంగుళాలకు పైగా పెరిగిన ఆ దూరంవల్ల వెనుక కూర్చున్నవారి మోకాళ్ళకు చోటు పెరిగింది. ముందు మనిషికి హుషారు, వెనుక మనిషికి సుఖం, రెండూ ఇస్తానంటుంది ఈ కారు. ఒక్క బండి రెండూ ఇవ్వగలదా అన్నదే మేము తేల్చుకోవలసిన సంగతి.

బర్గూరు జవుళి దుకాణాల ముందు అక్కయ్య ఆపమన్నది, బావగారికి వినబడలేదు. నాట్రంపల్లి దాటి, జోలార్‌పేట వైపు తిరిగి, పొన్నేరి దగ్గర కొండ మొదలుకు చేరేసరికి తొమ్మిది కావచ్చింది.

ఏలగిరి ఘాటురోడ్డుకు 14 హెయిర్‌పిన్ మలుపులు. ఒక్కొక్క మలుపుకు ఒక్కొక్క పేరు పెట్టారు. భారతియార్, తిరువళ్ళువర్, కంబర్, ఔవైయార్ వంటి కవులవి కొన్ని, సంగకాలపు దాతలవి కొన్ని. తరతరాలుగా ఇక్కడున్నవాళ్ళము కాబట్టి తమిళ పలకలు చదువుకుంటూ పోయాము. ఔవైయార్ అంటే అవ్వేనని చెబితే అవ్వ నవ్వి, "నా పేరు గూడా పెట్టినారా" అన్నది. అదియమాన్ పేరు వచ్చినప్పుడు మాకు ఇరుగుపొరుగు మనిషిని చూసినట్టయింది. అతని తగడూరు అంటే మన ధర్మపురే. దొరకక దొరికిన ఉసిరికాయను తాను తినక ఔవైకు ఇచ్చాడని కథ.

బావగారు మొదటి రెండు మలుపులు మెల్లగా తిప్పి, మూడోదానికి ముందు ఒక మీట నొక్కారు. కారు ఒళ్ళు బిగించుకున్నది. ఇట్లాంటి మలుపులో మామూలు కార్లకు ముందు చక్రాలే తిరగాలి, అవే లాగాలి. రెండు పనులు మీదపడితే అవి మొరాయిస్తాయి, ముక్కు బయటికి పోతుంది. ఇందులో ముందు చక్రాలు త్రోవ చూపుతాయి, వెనుకవి నెడతాయి. బరువు కూడ ముందూ వెనుకా ఇంచుమించు సమంగా పంచారు. అందువల్ల మలుపు సగంలో ఉండగానే బావగారు కాలు నొక్కితే, కారు తూలకుండా, నడుము తిప్పిన గుర్రంలాగా పైకి లంఘించింది. ఇంజను నిమిషానికి 1,550 చుట్లు తిరిగేటప్పటికే దాని పూర్తి ఈడ్పుబలం వచ్చేస్తుందట. కొండ ఎక్కుతున్నామన్న ఆయాసం దానికి లేదు. ఎనిమిది గేర్లు తమంతట తామే మారుతున్నాయి. బావగారు రేడియో ఆపించి, ఆ గేర్ల మార్పును చెవి ఒగ్గి విన్నారు. ఒకచోట తల ఊపారు. ఎవరి పనినో మెచ్చుకున్నట్టుగా ఊపారు.

ఇక్కడ పక్షపాతం లేకుండా చెప్పవలసి వస్తే, ఆ పది నిమిషాలకూ ఆ కారు ఇస్తానన్నదంతా ఇచ్చింది. పొడుగు పెంచడంవల్ల మలుపులో చురుకు కాస్త తగ్గి ఉండవచ్చును. నడిపిన మనిషి ముఖంలో మాత్రం ఆ తగ్గుదల కనబడలేదు. అరవై యేళ్ళ మనిషి ఇరవై యేళ్ళవాడి ముఖం పెట్టడం మేము అంతకుముందు చూడలేదు.

అదే పది నిమిషాలు వెనుక సీటులో వేరే విధంగా గడిచాయి. ఆ వేగంలో రోడ్డుమీది ప్రతి అతుకూ లెక్కపెట్టినట్టు తెలిసింది. అవ్వ వక్కసంచి మూసేసి, తలుపుమీది పిడి పట్టుకున్నది. పారి పేరున్న మలుపు దగ్గర ఆయన వేగం తగ్గించారు. పారి కథ మీకు తెలిసే ఉంటుంది: ప్రాకడానికి ఆధారం లేక అల్లాడుతున్న మొల్లతీగకు తన రథాన్ని వదిలేసి నడిచిపోయిన రాజు. అవ్వకు ఆ కథ చెప్పాము. ఆమె కొంచెంసేపు ఆలోచించి, "ఆ తేరు ఎంత పెట్టి కొన్నాడో" అన్నది. ముందు సీటులో నవ్వు వినబడలేదు.

పైన పుంగనూరు చెరువూ, పడవలూ, పనసకాయల రాశులూ, చల్లని గాలీ. ఇవి ఏలగిరి వెళ్ళినవారందరూ చూసేవే. వెయ్యి మీటర్లకు పైబడిన ఈ కొండ ఊటీలాగా ఆర్భాటం చేయదు. మలయాళి అనే గిరిజనుల పల్లెలు ఇంకా ఉన్నాయి. మేము చెట్టుక్రింద చిత్రాన్నం తిని బయలుదేరాము. దిగేటప్పుడు బావగారు ఆ మీట నొక్కలేదు. అవ్వ మళ్ళీ ఆకు మడుచుకున్నది.

అసలు పరీక్ష ఎక్కడమూ దిగడమూ అని మాకు తోచింది. మలుపుల్లో కారు తూలకుండా ఉండాలంటే అది నేలకు దగ్గరగా ఉండాలి. నేలకు దగ్గరగా ఉంటే సీటు క్రిందికి పోతుంది. ఎనభై దాటిన మోకాళ్ళకు క్రిందికి పోవడం సులభం, పైకి రావడం కాదు. "కూసుంటే పరుపే, దిగేకి మాత్రం ఇద్దరు కావాల" అన్నది అవ్వ. దీన్ని కారు తప్పనలేము. మల్లయోధుణ్ణి తెచ్చుకుని పల్లకి మోయలేదేమని అడిగినట్టుంటుంది.

రెండో రోజు ఊరికి పోయాము. ఊరివాళ్ళే పోసుకున్న మట్టిగడ్డలు త్రోవలో ఐదు ఉన్నాయి. బావగారు ఒక్కొక్కదాన్ని వాలుగా, కోడిపిల్లను దాటినంత జాగ్రత్తగా దాటించారు. ఏదీ తగలలేదు, కాని ఆ అర కిలోమీటరుకు పట్టిన సమయంలో నడిచి వచ్చినవాళ్ళు మాకంటె ముందు ఇంటికి చేరారు. జగలిమీద కూర్చుని అందరమూ ఉరిసే మిద్దెను చూస్తూ లెక్కలు వేశాము. చక్రాల సంగతి కూడ చర్చకు వచ్చింది. ఈ కంపెనీ కార్లకు చాలావాటికి గాలి పోయినా కొంతదూరం నడిచే టైర్లు వేస్తారు. 80 కిలోమీటర్లవరకు, 80 వేగం మించకుండా పోవచ్చునంటారు. మంచిదే, అయితే కొత్తది వేయాలంటే ఖర్చు మామూలు టైరుది కాదు. అన్నిటికంటె ముఖ్యం, ఇటువంటి కార్ల ధర మొదటి మూడునాలుగేళ్ళలోనే బాగా జారిపోతుంది. కొత్తది కొన్నవాడికి అది నష్టం, ఆ తర్వాత కొన్నవాడికి లాభం.

ఈ చివరి మాటను పట్టుకున్నది అక్కయ్య. కొత్తది వద్దు, మూడేళ్ళు నడిచినది, వరుసగా సర్వీసు చేయించిన కాగితాలున్నది చూడండి, గేరు పెట్టె బాగున్నదో లేదో మీ చెవికి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది అన్నది. మిగిలిన సొమ్ము మిద్దెకు. బావగారు చాలాసేపు నేలమీద పుల్లతో గీతలు గీశారు. తర్వాత అవ్వవైపు చూశారు.

"నాకేమప్పా, కొండకు నన్ను పిలవకపోతే చాలు," అన్నది అవ్వ. "గాని తిరుపతికి అందులోనే పోదాము. దిగేకి ఏదన్నా ఉపాయం చెయ్యి."

ఆ మరుసటి వారమే బావగారు పాత కార్ఖానా స్నేహితుల దగ్గరికి పోయి, వెడల్పాటి బేరింగు ఒకటి తెచ్చారు. దానిపైన రేకు బిగించి, మెత్త వేసి, సీటుమీద పెట్టుకునే తిరుగుడుపీట చేస్తున్నారు. అవ్వ దానిమీద కూర్చుంటే కాళ్ళతో సహా తలుపువైపు తిరగవచ్చును. పైకి లేవడానికి ఒక్కరు చేయి ఇస్తే చాలునట. మిద్దె పనికి మేస్త్రీ అడ్వాన్సు తీసుకున్నాడు. పీట ముప్పాతిక వంతు అయింది. కారు ఇంకా దొరకలేదు. చూసిన రెండింటిలో ఒకదాని గేరు పెట్టె బావగారి చెవికి నచ్చలేదు.