మావోతియాన్ కొండలో ముళ్ళ జీవి

కున్మింగ్ దాటి బస్సు ఆగ్నేయానికి మళ్ళగానే ఎర్రమట్టి చేలు మొదలయ్యాయి. చైనాలోని యునాన్ రాష్ట్రమిది. కొండదారి దిగేసరికి ఫూషియాన్ సరస్సు కనిపించింది. 150 మీటర్లకు పైగా లోతున్న నీళ్ళు చిక్కటి నీలంగా ఉన్నాయి. చెంగ్‌జియాంగ్‌కి చాలామంది ఈ సరస్సు కోసమే వస్తారు. నేను మాత్రం ఊరికి తూర్పున ఉన్న మావోతియాన్‌షాన్ అనే కొండ కోసం వెళ్ళాను. 51.8 కోట్ల ఏళ్ళ కిందట అక్కడ సముద్రపు అడుగు ఉండేది.

1984 జులై 1న హౌ షియాన్‌గ్వాంగ్ అనే పరిశోధకుడు ఆ కొండ మీద గుల్ల జీవుల శిలాజాల కోసం రాళ్ళు పగలగొడుతున్నారు. మధ్యాహ్నం ఒక పలక విడిపోతే అందులో నరాయోయా అనే మెత్తటి జీవి బయటపడింది. తడి రాతి మీద అది ప్రాణంతో ఉన్నట్టే కనిపించిందని ఆయన తర్వాత చెప్పారు. 2012లో యునెస్కో ఈ చోటును ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. చుట్టుపక్కల ఉన్న, ఎరువుకు వాడే ఫాస్ఫేట్ గనులను అంతకుముందే మూసేశారు.

కొండ దగ్గర రాతిపొరలను వంగి చూశాను. పసుపుపచ్చని మట్టిరాయి, పుస్తకంలో కాగితాల్లా పలచటి పొరలు. మెత్తటి బురద ఒక్కసారిగా జీవులను కప్పేయడం వల్లే కాళ్ళు, కళ్ళు కూడా అచ్చుపడి మిగిలాయి.

నేను వెతుక్కుంటూ వెళ్ళిన అకాంథోమెరిడియన్ అనే జీవి శిలాజాన్ని అక్కడి మ్యూజియంలో చూశాను. అరచేతిలో ఇమిడే జీవి. పసుపుపచ్చని రాతి మీద దాని రూపం తుప్పు రంగులో ఉంది, అది ఇనుము మిగిల్చిన రంగు. తల వెనక మొండెం 11 పలకలుగా ఉంటుంది. ఒక్కో పలక అంచు వెనక్కి వాలిన ముల్లుగా ముగుస్తుంది. తోక వైపు వెళ్ళేకొద్దీ ముళ్ళు పొడవవుతాయి. అద్దం ముందు నుంచి చాలాసేపు కదలలేకపోయాను.

హౌ, ఆయన సహచరులు 1989లో దీనికి పేరు పెట్టారు. పొడవాటి ముళ్ళు లేని చిన్నవాటిని తర్వాత వేరే జాతిగా లెక్కించారు. 2024లో వచ్చిన పరిశోధన ఆ రెండూ ఒకటేనని, చిన్నవి పిల్లలని, ఎదిగేకొద్దీ ముళ్ళు సాగుతాయని తేల్చింది. సీటీ స్కాన్‌తో రాతి లోపలి కాళ్ళను కూడా చూడగలిగారు. అంతరించిపోయిన ట్రైలోబైట్లు అనే సముద్ర జీవులకు ఉన్నట్టే దీని తల మీదా అతుకు గీతలు ఉన్నాయి. పై పెంకు అక్కడ విడిపోతే జీవి బయటికొచ్చి కొత్త పెంకుతో పెరిగేది. మన కోస్తా చెరువుల్లో రొయ్యలు ఇప్పటికీ పెంకు విడిచే పెరుగుతాయి. ఆ సమయంలో అవి ఎంత మెత్తగా, ఎంత నిస్సహాయంగా ఉంటాయో రొయ్యల రైతులకు బాగా తెలుసు. ఇన్ని ముళ్ళున్న జీవి కూడా ఎదగడానికి ఆ గండం దాటాల్సిందే.

తిరుగు దారిలో మూసేసిన గనుల గురించే ఆలోచించాను. దొరికిన రోజున ఏ శిలాజమూ తన సంగతంతా చెప్పదు. 1989లో పేరు పొందిన జీవి కాళ్ళను చూడటానికి 30 ఏళ్ళకు పైగా పట్టింది. ఎరువు కోసం ఆ కొండను తవ్వేసి ఉంటే ఎంత మంచి యంత్రం వచ్చినా చూడటానికి రాయి ఉండేది కాదు. ఆదాయం వదులుకుని కొండను కాపాడినవాళ్ళు సరైన పని చేశారు. శిలాజాలున్న ప్రతి నేలకూ అంత రక్షణ దక్కాలి.