కొండమీది బడి, రెండు ఊలు పుల్లలు

మాది నరసాపురం. వశిష్ఠ గోదావరి ఒడ్డున, సముద్రానికి దగ్గరలో ఉన్న ఊరు. అక్కడ నేల అరచెయ్యిలా చదునుగా ఉంటుంది. చిన్నతనంలో నేను ఎక్కిన పెద్ద ఎత్తు ఏదంటే కాలవగట్టే. సాయంకాలం ఆ గట్టు వెంట ఒంటరిగా నడవడమంటే నాకు ప్రాణం. అలాంటి నేను 2024 జూన్ నెలలో ఒక ట్రంకుపెట్టె, చుట్టిన పరుపు, ఒక సంచినిండా ఊలు ఉండలు పట్టుకుని అరకులోయకు బయలుదేరాను. డుంబ్రిగుడ మండలంలో ఒక ధర్మసంస్థ నడిపే చిన్న బడిలో నాకు టీచరుగా పని దొరికింది. అదే నా మొదటి ఉద్యోగం.

"వానాకాలం ముందు పెట్టుకుని ఊలు ఎందుకే?" అని అమ్మ నవ్వింది. అమ్మమ్మ మాత్రం నవ్వలేదు. తన క్రోషియా సూదిని గుడ్డముక్కలో చుట్టి నా చేతిలో పెట్టి, "చేతికి పని ఉంటే మనసుకు దిగులు తక్కువమ్మా" అన్నది.

నరసాపురం లేసు సంగతి మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. పందొమ్మిదో శతాబ్దంలో మిషనరీ స్త్రీలు మన గోదావరి ప్రాంతపు ఆడవారికి నేర్పిన పని అది. ఆనాటి నుండి ఎన్నో ఇళ్ళల్లో అరుగుల మీద కూర్చుని, పొయ్యి మీద అన్నం ఉడికేలోగా నాలుగు వరుసలు అల్లుకుంటూ, పిల్లల ఫీజులకు నాలుగు రూపాయలు కూడబెట్టిన తల్లులెందరో. 2024లో ఈ క్రోషియా లేసుకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మా అమ్మమ్మ ఆ అరుగు మీదనే ముసలిదైంది. నాకు మాత్రం లేసు కంటే ఊలు అల్లకమే ఇష్టం. శిక్షణ కాలేజీలో హాస్టలు స్నేహితురాలు నేర్పింది. మా ఊళ్ళో స్వెట్టరు వేసుకునేంత చలి ఏనాడూ లేదు గనుక, నా అల్లకాలన్నీ బీరువాలో మడతపెట్టే ఉండేవి.

విశాఖపట్నంలో తెల్లవారి కిరండూల్ పోయే రైలెక్కాను. శృంగవరపుకోట దాటేవరకు మామూలు ప్రయాణమే. ఆ తరువాత బండి కొండ ఎక్కడం మొదలుపెడుతుంది. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు దించడానికి 1960వ దశకంలో జపాన్ వారి సహకారంతో వేసిన మార్గమిది. దారిలో 58 సొరంగాలున్నాయని చెప్తారు. సొరంగం వచ్చినప్పుడల్లా పెట్టెలోని పిల్లలంతా ఒక్కటై కేకలు పెడతారు. నేను ఇరవై దాకా లెక్కపెట్టి, కిటికీలోంచి కనబడే లోయలు చూస్తూ లెక్క మరచిపోయాను. శిమిలిగుడ స్టేషను ఎత్తు 996 మీటర్లు. అక్కడ బండి ఆగగానే తడిసిన మట్టివాసనతో చల్లగాలి ముఖానికి కొట్టింది. సంచిలోని ఊలు ఉండలను ఒకసారి తడిమి చూసుకున్నాను. అమ్మ ఇక నవ్వదు అనిపించింది.

మా బడిలో రెండు గదులు, ఒక వరండా, ఒక పనసచెట్టు. పిల్లలు ఇరవై ఎనిమిది మంది. పెద్ద మాస్టారు, నేను, వంటావిడ, అంతే సిబ్బంది. బడి వెనకాల నాకొక గది ఇచ్చారు. తెల్లవారి అయిదున్నరకు లేస్తే ఎదుటి కొండ కనబడదు. మంచు దిగి ఉంటుంది. ఏడు దాటాక మెల్లమెల్లగా కొండ కొస, తరువాత సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి పాకిన మిరియపు తీగలు, ఆ నీడన కాఫీ మొక్కలు ఒక్కొక్కటిగా బయటపడతాయి. ఆ వేళకు పిల్లలు చోడి అంబలి తాగి, రెండు మూడు కిలోమీటర్లు నడిచి వస్తుంటారు. కొందరి కాళ్ళకు చెప్పులుండవు. అయినా వారి నడక ముందు నా నడక ఏపాటిది!

మధ్యాహ్నం పిల్లలతోనే భోజనం. నాలుగింటికి గంట కొట్టాక వెలుగున్న ఒక్క గంటా నాది. మొదటి వారమే చాపరాయి దగ్గరకు వెళ్ళాను. వెడల్పాటి బండల మీదుగా ఏరు జారుతూ పారే చోటది. సెలవు దినాల్లో యాత్రికులతో నిండిపోతుంది గాని మామూలు దినాల్లో నీటి చప్పుడు తప్ప మరేమీ ఉండదు. అక్కడ బండ మీద కూర్చుని రెండు వరుసలు అల్లుకుని, మసక పడకముందే తిరిగి వచ్చేదాన్ని. అక్టోబరు పోయి నవంబరు వచ్చేసరికి వలిసె పూలతో వాలులన్నీ పసుపుపచ్చగా మారిపోయాయి. అంత అందం నేను ఎన్నడూ చూడలేదు.

ఇదంతా చదివి నేను చాలా సంతోషంగా ఉన్నాననుకుంటారేమో. ప్రియమైన పాఠకులారా, నిజం చెప్పాలి. కొండలు నాతో బాగానే ఉన్నాయి గాని తరగతి గదే నాతో మాట్లాడలేదు. మా పిల్లలు ఇంట్లో మాట్లాడేది ఆదివాసి ఒడియా. అయిదో తరగతి వారికి తెలుగు బాగానే వచ్చు. చిన్నతరగతుల వారు నేను చెప్పిన మాటను తిరిగి అనేవారు తప్ప, అర్థమైందో లేదో నాకు తెలిసేది కాదు. నేను అడిగితే తల వంచుకునేవారు. ఆ మౌనం చూసి నాకు కోపం, ఆ కోపం చూసుకుని నాకే సిగ్గు. నవంబరు మొదటి వారంలో ఒక రాత్రి కూర్చుని, ఈ పని నావల్ల కాదని, నన్ను విడిచిపెట్టమని సంస్థవారికి ఉత్తరం రాసి సంచిలో పెట్టుకున్నాను.

ఆ వారంలోనే ఒక తప్పు చేశాను. మూడో తరగతిలో ఎనిమిదేళ్ళ పిల్ల ఒకతె ఉంది. చురుకైనది. బల్లమీది చింతగింజలు లెక్కపెట్టమంటే, వేళ్ళతో జరుపుతూ తన భాషలో గబగబా లెక్కపెట్టసాగింది. లెక్క సరిగానే ఉంది. నేను మాత్రం విసుగ్గా, "తెలుగులో చెప్పమన్నానా? మళ్ళీ మొదటినుండి చెప్పు" అన్నాను. గొంతు నేననుకున్నదానికంటే పెద్దగా వచ్చింది. తక్కిన పిల్లలు నవ్వారు. ఆ పిల్ల గింజలు అక్కడే వదిలేసి కూర్చుంది. మరునాడు బడికి రాలేదు. ఆ మరునాడూ రాలేదు.

"కాఫీ పండ్లు కోసే కాలం కదమ్మా, ఇంటిల్లిపాదీ తోటలో ఉంటారు" అన్నారు పెద్ద మాస్టారు. అది నిజమే. నవంబరు నుండి జనవరి దాకా కాఫీ కోతలే. కాని కారణం అదొక్కటే కాదని నాకు తెలుసు. ఆయన నా ముఖం చూసి, బీరువాలోంచి అట్ట చిరిగిన ఒక పాత వాచకం తీసి ఇచ్చారు. తెలుగు లిపిలో అచ్చయిన ఆదివాసి ఒడియా వాచకం. 2004లో మన రాష్ట్రంలో ఎనిమిది గిరిజన భాషల్లో పిల్లలకు మొదట వారి మాటల్లోనే చదువు చెప్పి, అటుపైన తెలుగులోకి తీసుకువచ్చే ప్రయత్నం ఆరంభమైందని, ఈ పుస్తకం అలాంటిదేనని చెప్పారు. "పిల్ల మన దగ్గరకు రావాలంటే మనం కూడా సగం దూరం నడవాలమ్మా" అన్నారు. కోప్పడలేదు. కోప్పడితేనే బాగుండేదనిపించింది.

ఆ శనివారం అలవాటుగా ఊలు సంచి భుజాన వేసుకుని వాళ్ళ ఊరికి నడిచాను. మూడు కిలోమీటర్ల ఎగుడు. ఇంటి ముందు ఆ పిల్ల అమ్మమ్మ కూర్చుని, అడ్డాకులను సన్నని వెదురు పుల్లలతో విస్తళ్ళుగా కుడుతోంది. నాకు ఆమె భాష రాదు, ఆమెకు తెలుగు అంతంత మాత్రం. "కూర్చో" అన్నట్టు చెయ్యి చూపింది. కూర్చున్నాను. ఏం మాట్లాడాలో తోచక పుల్లలు తీసి అల్లడం మొదలుపెట్టాను. ఆమె ఆకులు, నా ఊలు. అలా కొంతసేపు గడిచింది.

తలుపు చాటునుండి ఆ పిల్ల తొంగిచూసింది. అటు చూడబోయి నేను ఒక కుట్టు జారవిడిచాను. అల్లకం తెలిసిన సోదరీమణులకు ఈ కష్టం తెలుసు. క్రోషియాలో సూది మీద ఉండేది ఒక్క ముడే. ఊలు అల్లకంలో అలా కాదు. వరుసలోని కుట్లన్నీ పుల్ల మీదే ఉంటాయి, ఒకటి జారితే నిచ్చెనలాగా కిందికంటా విడిపోతూ పోతుంది. అయితే అల్లినదంతా విప్పనక్కరలేదు. క్రోషియా సూదితో జారిన కుట్టును పట్టి, ఒక్కొక్క మెట్టే పైకి తెచ్చి మళ్ళీ పుల్లకు ఎక్కించవచ్చు. అమ్మమ్మ ఇచ్చిన సూది తీసి ఆ పనే చేస్తుండగా, ఆ పిల్ల నెమ్మదిగా వచ్చి పక్కన నిలబడింది.

మళ్ళీ కుట్లు సరిచూసుకోవాలి గనుక వేలితో చూపుతూ లెక్కపెట్టాను. రెండు దగ్గరకు రాగానే ఆగి, వాచకంలో చదివిన మాట గుర్తు తెచ్చుకుని "దుయి" అన్నాను. పిల్ల కళ్ళు పెద్దవయ్యాయి. "తిని, చారి" అని తానే అందుకుంది. పది దాటాక నేను తప్పులు చెప్పసాగాను. ఆ పిల్ల పకపకా నవ్వింది, అమ్మమ్మ కూడా నవ్వింది, పొరుగింటి వాళ్ళు వచ్చి వాళ్ళూ నవ్వారు. నా చెవులు వేడెక్కాయి. రాని భాషలో అందరి ముందూ తడబడితే ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది. నా పిల్లలు ప్రతి దినమూ పొద్దుటినుండి సాయంత్రం దాకా ఉన్నది ఆ స్థితిలోనే కదా! తెలుగు తెలిసిన మేనమామ తోటలోంచి వచ్చాక, ఆయన ద్వారా ఆ పిల్లకు చెప్పాను: "నేను నీ మీద కేకలేయడం తప్పు. నీ లెక్క సరిగానే ఉంది." అమ్మమ్మ ఏమీ అనలేదు. రెండు విస్తళ్ళు నా సంచిలో పెట్టింది.

సోమవారం బడికి వస్తుందని ఎదురుచూశాను. రాలేదు. కోతలు ఇంకా అవలేదు. బుధవారం వచ్చింది. ఆ తరువాత కూడా మధ్య మధ్య మానేది. ఒక్క నడకతో అన్నీ సర్దుకోలేదు. భాగహారంలో ఇప్పటికీ వెనకబడే ఉంది. కాని అప్పటినుండి మా తరగతిలో లెక్క రెండు భాషల్లో సాగుతోంది. ముందు వాళ్ళ మాటలో, తరువాత తెలుగులో. వాళ్ళు నాకు దిద్దుతారు, నేను వాళ్ళకు దిద్దుతాను. తలలు వంచుకోవడం తగ్గింది.

డిసెంబరులో చలి ముదిరింది. జనవరి తెల్లవారుజాముల్లో 10 డిగ్రీల కిందికి పోతుంది. బడి ముందు నెగడు వేసి, పిల్లలందరూ చేతులు కాచుకున్నాకే లోపలికి రానిచ్చేవాళ్ళం. ఒకరికి అల్లి ఒకరికి మానితే పిల్లల మనసు నొచ్చుకుంటుందని, అందరికంటే చిన్నవాళ్ళయిన ఒకటో తరగతి తొమ్మిది మందికీ టోపీలు మొదలుపెట్టాను. ఒక్కో టోపీకి సుమారు 50 గ్రాముల ఊలు, 80 కుట్లు. అంచు రెండు సూటిగా, రెండు ఎదురుగా అల్లితే సాగుతుంది, తల పెరిగినా రెండేళ్ళు పనికొస్తుంది. ఒక్కొక్కదానికి మూడు సాయంత్రాలు పట్టింది. సంక్రాంతి సెలవులకు ముందు దినము తొమ్మిదీ పూర్తయ్యాయి.

మూడో తరగతి పిల్లకు టోపీ రాలేదని నాకు లోపల బాధగానే ఉంది. ఆ మాటే మెల్లగా చెప్పబోతే, "టోపీ వద్దు టీచర్, పుల్లలు కావాలి" అన్నది. స్పష్టమైన తెలుగులో అన్నది! సెలవుల తరువాత తానే రెండు పుల్లలు తెచ్చి చూపింది. అమ్మమ్మ వెదురు చీల్చి, నున్నగా గీకి ఇచ్చిందట. ఇప్పుడు మధ్యాహ్నం భోజనం తరువాత పనసచెట్టు కింద మేమిద్దరం అల్లుతాం. దాని మఫ్లరు ఒకచోట వెడల్పు, ఒకచోట సన్నం. నేనేమీ అనను. కుట్టు జారినప్పుడు మాత్రం మా అమ్మమ్మ సూది అడిగి తీసుకుంటుంది.

ఈ సంవత్సరం మీ ఇళ్ళనుండి కూడా ఎవరో ఒక కొడుకో కూతురో కొత్త ఉద్యోగానికి దూరప్రాంతం వెళ్ళవచ్చు. మొదటి ఆరు నెలలూ వారి ఫోనులో దిగులే వినిపిస్తుంది. వెంటనే "వచ్చెయ్యి" అనకండి. "అక్కడివారి మాట నాలుగు ముక్కలు నేర్చుకున్నావా?" అని అడగండి. చేతికి ఇష్టమైన పని ఒకటి కట్టి పంపండి.

నేను రాసుకున్న ఆ ఉత్తరం ఏమైందంటారా? ఊలు చిక్కుపడకుండా ఉండ చుట్టడానికి లోపల మడత కాగితం ఒకటి పెట్టుకోవడం మాకు అలవాటు. మొదటి టోపీ ఊలు చుట్టేటప్పుడు చేతికి అందిన కాగితం అదే.